మైకు రంధ్రం మీద తలైవరు

మంగళవారం. పొద్దున్నే తెలిసిన వింత: చెవిటివాళ్ల కోసం మా కాలేజీలో మేం చేసిన పట్టీలను గుడియాత్తంలో పార్టీవాళ్లు వేదికెక్కి పంచుతున్నారట. చప్పుడైతే మణికట్టు మీద అదిరే పట్టీలవి. వేలూరు నుంచి పరుగెత్తాను. అక్కడ చెవులు వినపడని అమ్ములు పట్టీ కట్టుకునే ఉంది. వెనక ఆమె బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నా తిరగలేదు. నిన్న పరీక్షించినప్పుడు అదే ఏడుపుకు నవ్వుతూ పరుగెత్తిన మనిషి! చూస్తే, పట్టీలో చప్పుడు పట్టే మైకు రంధ్రాన్ని మూసేస్తూ పార్టీ నాయకుడి మొహమున్న స్టిక్కరు. గోటితో గీకినా రాలేదు.

"ఇంకెక్కడైనా అతికించకూడదా అన్నా?" అని పంచినాయన్ని అడిగాను.

"తలైవరు మొగం ఫోటోలో పడల్ల గదా పాపా! బిడ్డ ఏడిస్తే పక్కింటోళ్లు చెప్తార్లే."

మీరైతే ఏమనేవారు? రేపు పొద్దున మొదటి బస్సుకు కొబ్బరినూనె, బ్లేడు పట్టుకుని పట్టీలున్న ఇళ్లన్నీ తిరుగుతాను. ముందు అమ్ములు ఇంటికి.