జలుబు మిషను

ద్వారకా నగర్‌లో మా కోచింగ్ సెంటర్ మెట్ల మీద ఎప్పుడూ పళ్ల వాసన. పుచ్చకాయ, లిచీ, మామిడి. పళ్లు మాత్రం ఎవరూ తినేవారు కాదు. బ్యాంకు పరీక్షలకు చదివే మాలో సగం మంది జేబుల్లో నికోటిన్ ఆవిరి పీల్చే వేప్ ఉండేది. చూడటానికి హైలైటర్ పెన్నులా ఉంటుంది కాబట్టి, ఎంత ఎక్కువ పీలిస్తే అంత ఎక్కువ చదువుతున్నట్టు కనిపించేవాళ్లం. అమ్మడం నిషేధం. అందుకే ఫోన్ కవర్ల షాపువాడు వాటిని కౌంటర్ మీద పెట్టేవాడు కాదు, కింద పెట్టేవాడు.

నాది మామిడి. సిగరెట్టు కాదు కదా అన్నది మా అందరి వాదన. నిజమే, సిగరెట్టు కాసేపటికి అయిపోతుంది. ఇది అవ్వదు. చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా నోటి దగ్గరికి పోయేది. పది నిమిషాలు కుదురుగా కూర్చున్న గుర్తు లేదు.

ఒకరోజు ఉక్కునగరంలోని మా క్వార్టర్లో బట్టలు నానబెడుతూ, అమ్మ నా చొక్కా జేబులోంచి దాన్ని తీసింది.

"ఏట్రా ఇది?"

"జలుబుకమ్మా. ఆవిరి మిషను."

ఆవిరే కదా. అబద్ధం చెప్పానని అప్పుడు అనిపించలేదు.

"దుప్పటి కప్పుకోనక్కర్లేదేటి?"

"అక్కర్లేదు."

"మరి పసుపో?"

"అందులోనే ఉంటాది."

కాలం ఇంత ముందుకెళ్లిందా అని అమ్మ సంబరపడి, దాన్ని కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

వారం తర్వాత క్లాసులో జేబు తడుముకుంటే లేదు. ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టి మరిచిపోయాను. పక్కన కూర్చునే స్నేహితుడు నా వైపు వంగాడు.

"ఏటి బావా, బెంచీ ఊగిపోతంది? భూకంపమేటి?"

"మర్సిపోయొచ్చేన్రా."

"నాది పుచ్చకాయ. లాగుతావేటి?"

జవాబు చెప్పేలోపు ఫోన్ వణికింది. అమ్మ. బయటికొచ్చి ఎత్తాను.

"మీ నాన్నకి జలుబు సేసిందిరా. నీ మిషనిచ్చేను. రెండుసార్లు పీల్సి ఊరుకున్నాడు. మొత్తం ఎన్నిసార్లు పీల్సాలి?"

నాన్న ఒకప్పుడు రోజుకి రెండు పెట్టెలు కాల్చేవాడు. ఆరేళ్ల క్రితం సింహాచలం మెట్లెక్కి, గుండు చేయించుకుని, కాశీలో కాయ వదిలేసినట్టు అప్పన్న దగ్గర సిగరెట్టు వదిలేశాడు. తర్వాతి ఏడాది మా ఇంట్లో అంత ఆహ్లాదంగా గడవలేదు. స్టీల్ ప్లాంటు షిఫ్టు నుంచి రాగానే సోంపు నములుతూ వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. అయినా మాట తప్పలేదు.

"ఇంకియ్యకమ్మా!"

"ఏటి, నీకొక్కడికేనా?"

"నాను వత్తన్నాను. నాను వచ్చేదాకా ఇయ్యకు."

ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పరుగెత్తి బస్సెక్కాను. సీటున్నా కూర్చోలేదు. నిలబడితే బస్సు త్వరగా వెళుతుందని నా నమ్మకం. ప్రతి స్టాపులోనూ ఆగి అది తన నమ్మకం చూపించుకుంది. దారి పొడవునా నాన్నతో ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. అన్నీ 'అది సిగరెట్టు కాదు కదా' దగ్గరే తేలాయి.

వెళ్లేసరికి అమ్మ వంటింట్లో మిరియాలు దంచుతోంది. నాన్న వరండాలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. వేప్ గుప్పిట్లో ఉంది.

"జలుబుకి కాదు గదేటిది?" అన్నాడు నెమ్మదిగా.

నేను చెప్పులు విప్పడం మొదలుపెట్టాను. చాలాసేపు పట్టింది.

"మొదటి దమ్ముకే తెలిసిపోయిందిరా. రెండోది తెలిసే లాగేను." వంటింటి వైపు చూశాడు. "అప్పన్నకి నాను సెప్పుకుంటాను. మీ అమ్మకి నువ్వు సెప్పకు."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే సుఖంగా ఉండేది.

"అప్పట్నించి మల్లీ కావాలనిపిత్తంది," అన్నాడు. "నీకూ ఇలాగే ఉంటాదా?"

"ఉంటాది."

"రోజంతానా?"

తలూపాను. నాన్న ఆ గుప్పిటే నా ముందుకు చాచాడు. బయటికి కనిపిస్తున్న వేప్ కొసని నేను పట్టుకున్నాను. నాన్న వేళ్లు విడలేదు. ఇద్దరి కళ్లూ దాని మీదే ఉన్నాయి.

"గట్టిగా లాగరా," అన్నాడు.