కాలితో చెరిపిన గదులు

మా ఇంటి ప్లాను నేనే గీశాను. జగ్గయ్యపేట హైస్కూల్లో హెడ్మాస్టరుగా పనిచేస్తున్న నాకు మళ్లీ ఇంజనీరు ఎందుకని నా ధీమా. అద్దె ఇళ్లలో ఇరుకుపడీ ఇరుకుపడీ విసిగిపోయి, నందిగామలో ఎప్పుడో కొనుక్కున్న స్థలంలో రిటైరయ్యేలోగా ఇల్లు కట్టి తీరాలని పట్టుబట్టాను. గ్రాఫు కాగితం మీద రెండేళ్లపాటు గీసి, చెరిపి, మళ్లీ గీసి ఒక రూపం తెచ్చాను. మా స్కూల్లో నేను దాన్ని చూపించని టీచరు లేడు.

మేస్త్రి ఖర్చు లెక్కవేసి చెప్పాక మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. దాచుకున్న డబ్బు గోడల దాకా వస్తుంది, స్లాబుకు రాదు. గదులు తగ్గిద్దామని అతనంటే, అంగుళం కూడా తగ్గించనన్నాను. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ మా ఆవిడే అంది, "చందర్లపాడు పొలం అమ్మేద్దాం లెండి."

ఆ ఎకరన్నర వాళ్లమ్మ పసుపు కుంకుమ కింద ఇచ్చింది. ఆమెకంటూ ఉన్నది అదొక్కటే. వద్దనాల్సిన వాణ్ణి సరేనన్నాను. అదీ వెంటనే. ఏటా ఎండలు ముదిరేసరికి ఈసారి ఏం వేయిద్దామని నన్ను సతాయించే మనిషి, ఆ తర్వాత పొలం ఊసే ఎత్తలేదు. పొలం చూసే అతను వచ్చి అడిగినా చూద్దాంలే అని పంపేసింది. నేను గమనించాను. గమనించనట్టు ఉండిపోయాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

కొనేవాళ్లు ఒక సోమవారం బయానా ఇస్తామన్నారు. ముందు రోజు ఆదివారం, పునాదులకు ముగ్గు పోయిద్దామని ఇద్దరం నందిగామ బస్సెక్కాం. మేస్త్రి కాగితం చూసుకుంటూ, తాడు పట్టి, నా ప్లాను మొత్తం నేల మీద ముగ్గుతో పోశాడు. మధ్యాహ్నానికి మా ఆవిడ వంటిల్లు రావాల్సిన చోట కూర్చుని క్యారేజీ విప్పింది. వరండా గీతల్లో కూర్చున్న మాకు అక్కణ్ణించే తెచ్చి వడ్డించింది. రెండుసార్లు తిరిగాక నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"వంటింట్లోంచి ఇక్కడికి తెచ్చేసరికి పులుసు చల్లారిపోద్దండీ."

మేస్త్రి నవ్వాపుకుంటూ, "ఏమనుకోకండి మాస్టారూ, పొద్దుట్నించీ అడుగుదామనుకుంటన్నా. ఇది ఇల్లాండీ, బడాండీ?" అన్నాడు.

నాకు కోపం నషాళానికంటింది. విస్తరి ముందు నుంచి లేచి, ఇటుకల కుప్ప ఎక్కి చూశాను. పొడవాటి వరండా. దాని వెంట వరసగా గదులు. ప్రతి గదికీ వరండాలోకి తలుపు, అటొక కిటికీ, ఇటొక కిటికీ. హాలు కొలతలు మా తొమ్మిదో తరగతి గదివే. చివర, వచ్చేపోయేవాళ్లంతా కనపడేలా నాకో ఆఫీసు రూము. గంట ఒక్కటే తక్కువ. ఎనిమిది నెలల్లో వదిలి వెళ్లాల్సిన బడినే రెండేళ్లు కూర్చుని గీసుకున్నాను. దాని కోసం ఆమె పొలం అమ్మిస్తున్నాను.

కోపం ఎటు పోయిందో, నవ్వొచ్చింది. ముందు ఆఫీసు రూము ముగ్గు కాలితో చెరిపేశాను. తర్వాత సగం హాలు. వరండాను రెండు కుర్చీలు పట్టేంత ఉంచాను. మేడమెట్లు కూడా తీసేశాను. ఒక్కో గీత చెరుపుతుంటే గుండె తేలికపడింది. మేస్త్రి నా వెనకాలే కొత్త గీతలు పోసుకుంటూ వచ్చాడు. వంటిల్లు హాలు పక్కకొచ్చింది. లెక్క మళ్లీ వేయిస్తే, పొలం జోలికి పోకుండానే స్లాబు పడుతుందన్నాడు.

"రేపు బయానా వద్దని చెప్పేస్తా," అన్నాను మా ఆవిడతో. ఆమె క్యారేజీ గిన్నెలు సర్దుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఊరు దాటేదాకా బయటికే చూసింది. అప్పుడడిగింది.

"ఏమండీ, ఈ ఏడు మిరప వేయిద్దామా, పత్తి వేయిద్దామా?"

వ్యవసాయంలో నాకు ఓనమాలు రావు. అయినా, "మిరపే వేయిద్దాం," అన్నాను.

ఆమె వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, "కాదులెండి, పత్తే వేయిద్దాం," అంది.