కుడి చంకన బిందె

1980ల చివర్లో, ఒక జూన్ నెలలో, కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. ఆర్డరు కన్నడంలో వచ్చింది, రోగులు తెలుగులో వచ్చారు. నా కింద ఒక ఫార్మసిస్టు, ఒక నర్సు, ఒక అటెండరు. ఎక్స్‌రే కావాలంటే మనిషిని పావగడ బస్సెక్కించాలి. అందుకని చేత్తో తడిమి, కంటితో చూసి జబ్బు పట్టుకోవడమే మా పని. నా కంటి మీద నాకు అప్పట్లో గట్టి నమ్మకం.

ఆగస్టులో నరసమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. నెల కిందట బోరింగు దగ్గర బురదలో నిండు బిందెతో జారి కుడిపక్కకు పడింది. అప్పటినుంచి కుడి తుంటి పక్కన నొప్పి, నడకలో కుంటు. అదంతా నటన అంటుందట అత్త. నరసమ్మ భయం వేరు. దీపావళి దాటాక వేరుశనగ పీకడానికి ఆడవాళ్లు గుంపు కడతారు. సాళ్ల వెంట అందరూ ఒకే వరసలో కదలాలి. వెనకబడే మనిషిని గుంపులో చేర్చుకోరు. వానలు ముఖం చాటేసిన ఆ ఊళ్లలో ఏడాదికి అదొక్కటే గట్టి పని.

"అంతలోకల్లా నడక సరి కావల్ల సార్," అంది.

ఇక్కడ తుంటి సంగతి కొంచెం చెప్పాలి. పిరుదులో పైకి కనిపించే పెద్ద కండరం గ్లూటియస్ మాగ్జిమస్. కూర్చున్న మనిషిని లేపేది, గట్టెక్కించేది అదే. దానికంత పేరు లేనిది గ్లూటియస్ మీడియస్. ఆడవాళ్లు బిందె ఆనించుకునే ఎముక అంచు కిందినుంచి విసనకర్రలా దిగి, తొడ ఎముక పైకొసన అతుక్కుంటుంది. నడిచేటప్పుడు ఒక కాలు గాలిలో ఉంటుంది కదా, అప్పుడు నేల మీదున్న కాలివైపు ఈ కండరం బిగిసి, నడుము రెండో పక్కకు ఒరగకుండా పట్టుకుంటుంది.

నరసమ్మను ఎడమకాలి మీద నిలబెట్టాను. నడుము సమంగా ఉంది. కుడికాలి మీద నిలబెట్టగానే నడుము ఎడమపక్క కిందికి దిగింది. కుడి మీడియస్ దెబ్బతిందన్నమాట. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉందని సంబరపడ్డాను, దాచడమెందుకు. నొప్పి మాత్రలిచ్చి, ఎడమపక్కకు పడుకుని కుడికాలు పైకెత్తే వ్యాయామం చూపించాను. బిందె ఇకమీదట ఎడమ చంకన మోయమన్నాను. దెబ్బతిన్న పక్కకు విశ్రాంతి కావాలని నా ఉద్దేశం.

"ఎడమ సంకన పెట్టుకుంటే కుడికాలు నిలబడదు సార్. కుడిపక్కైతేనే నొప్పి తక్కువుండాది," అంది.

అది వట్టి అలవాటని కసిరాను. ఆమె మాత్రలు కొంగున కట్టుకుని వెళ్లింది.

మూడు వారాలకు మరీ కుంటుతూ వచ్చింది. మాత్రలు మార్చాను, సలహా మార్చలేదు. ఇంకో మూడు వారాలు గడిచాయి. వ్యాయామం ఎగ్గొడుతోందని అనుమానించాను. అత్త మాటే నిజమేమోనని కూడా ఒకసారి అనిపించింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బోరింగు మా కేంద్రానికి ఎదురుగానే ఉండేది. ఒక ఉదయం వరండాలోంచి చూస్తున్నాను. నరసమ్మ ఎడమ చంకన బిందెతో అడుగడుక్కీ ఆగుతూ వెళ్తోంది. గోడ మలుపు దగ్గర ఇటు ఒకసారి చూసింది. స్తంభం అడ్డమై నేను కనబడలేదు కాబోలు, బిందెను కుడి చంకకు మార్చుకుంది. నడక అప్పటికప్పుడు కుదుటపడింది.

లోపలికెళ్లి మందుచీటీ వెనక బొమ్మ గీశాను. కుడికాలి మీద నిలబడినప్పుడు తుంటి కీలు కావడి మోసే భుజం లాంటిది. ఎడమవైపు ఒంటి బరువు, కుడివైపు దాన్ని లాగి నిలిపే కండరం. బిందెను ఎడమన పెడితే బరువు వైపే ఇంకా బరువు. కుడిన పెడితే ఆ బిందె కండరానికి సాయం పడుతుంది. విశ్రాంతి అనుకుంటూ ఆరు వారాలు ఆమె కండరం చేత వెట్టి చేయించాను.

ఆ రోజే పిలిపించి, తప్పు నాదని, కుడి చంకనే మోయమని చెప్పాను.

"నేను ముందే సెప్తి గదా సార్," అంది. కోపం లేదు, వెటకారమూ లేదు.

బలహీనపడిన కండరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. నేను పాడుచేసిన వారాలు తిరిగి రాలేదు. గుంపు ఆమెను వదిలి చేలలోకి వెళ్లింది. ఆ ఏడు నరసమ్మ కళ్లంలో ముసలమ్మల పక్కన కూర్చుని, పీకిన చెట్లనుంచి కాయలు తెంపింది. పై ఏడు సాళ్లలోకి దిగింది.

రోగిని పరీక్షించే ముందే ఎట్లా ఉంటే నొప్పి తక్కువో అడగడం, ఆ జవాబును వాళ్ల మాటల్లోనే మొదటి వరసలో రాసుకోవడం ఆ తర్వాత అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా మానలేదు. నరసమ్మ ఆ జవాబు అడగకుండానే చెప్పింది. నేను రాసుకోలేదు.