అత్తయ్య గీసిన వంకర నది

కళ్ళద్దాల దుకాణం అత్తయ్యకు తిన్నగా గీత గీయడం చేతకాదని భూగోళం మీద చాలామందికి తెలుసు. గడప దాటకుండానే ఆవిడ సంపాదించుకున్న కీర్తి అది.

ఇంటర్నెట్‌లో ఒక నది ఉండేది. ఎక్కడెక్కడి వాళ్ళో సరదా కొద్దీ తలా ఒక గడి తీసుకుని, అందులో నది ముక్క ఒకటి గీసేవారు. గడులన్నీ పక్కపక్కన చేరితే కొండల్లో పుట్టి సముద్రం దాకా పారే ఒకే నది. షరతు ఒక్కటే. నీళ్ళు గడి ఎడమ అంచు మధ్యలోంచి రావాలి, కుడి అంచు మధ్యలోంచి పోవాలి. అత్తయ్య గడిలో నీళ్ళు ఒకసారి పై మూలలోంచి దూరేవి, ఒకసారి కింది మూలలోంచి. మధ్యలోంచి వచ్చిన పాపాన పోలేదు.

విచిత్రమేమంటే, దుకాణంలో ఆవిడంత తిన్ననైన మనిషి లేదు. వచ్చినవాళ్ళ ముక్కు మీద కళ్ళద్దాలు పెట్టి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసేది.

"ఫ్రేము బాగానే ఉందండి. మీ చెవులే ఎగుడుదిగుడు."

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"మీరేం చేస్తారు పాపం. నేనే ఈ కాడ కాస్త వంచుతాను."

మధ్యాహ్నం బేరాలు పలచబడగానే టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని, "అమ్మాయ్, కౌంటరు చూసుకో. నేనలా దిగువకు వెళ్ళొస్తా" అనేది కోడలితో. వేలితో తెర జరుపుకుంటూ, మంచు పట్టిన రేవులూ, ఒంటికాలి మీద నిద్రపోతున్న కొంగలూ, ఎవరో వెలిగించి మరిచిపోయిన లాంతర్లూ దాటుకుంటూ పోయేది. ఒకరోజు ఒకాయన దగ్గరకొచ్చి చదువుకునే అద్దాలు అడిగితే, "కాస్త అక్కడే ఆగండి, ఇక్కడ లోతుంది" అంది. ఆయన ఉలిక్కిపడి కాళ్ళకింద చూసుకున్నాడు.

వచ్చిన గడులను ఒక్కొక్కటిగా సరిచూసే కొద్దిమందిలో కోడలు ఒకతె. ఎవరో ఎప్పుడో ఒకసారి గీత తప్పితే వాళ్ళు చూసీచూడనట్టు పోయేవారు. ప్రతిసారీ తప్పేది అత్తయ్యే.

"అత్తయ్యా, ఈసారైనా మధ్యలోంచి రానివ్వండి. స్కేలు ఇవ్వనా?"

"తిన్నగా పోయేదాన్ని కాలవంటారమ్మాయ్."

"అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీ. నవ్వితే ఒంటికి మంచిది."

చివరికి సరిచూసేవాళ్ళకు ఓపిక పోయింది. షరతు తప్పిన గడులు తీసేయాలనీ, అత్తయ్యవాటితోనే మొదలుపెట్టాలనీ తీర్మానించి, ఆ పని కోడలి నెత్తినే పెట్టారు. 

మర్నాడు పొద్దున్నే కోడలు దుకాణంలో కూర్చుంది. తీసేసేముందు, ఈవిడ రోజూ ఎక్కడికి వెళ్ళొస్తుందో ఒకసారి చూద్దామనిపించింది. గడులను విడివిడిగా కాక, కలిపి తెరిచింది. నీళ్ళ వెంట మెల్లగా జరుపుకుంటూ పోయింది.

అత్తయ్య మొదటి గడి వచ్చింది. దానికి ఎడమపక్క గడి ఎవరిదో. అందులో గట్లు వణికిపోయి, నది జారి కింది మూలకు పడిపోయింది. "చేయి నిలవదు, మన్నించండి" అని కింద చిన్న మాట. ఆ జారిన చోటే అత్తయ్య గడి నీళ్ళను అందుకుంది. ఒక బండరాయి చుట్టూ తిప్పి, చల్లగా మధ్యకు తెచ్చి వదిలింది. ఇంకాస్త దిగువన ఎవరో బడిపిల్ల నది అటకెక్కినట్టు పై మూలకెక్కింది. దాని పక్కనా అత్తయ్యే. ఆవిడ గడి ఉన్న ప్రతిచోటా ఎడమపక్క ఒక తప్పిన చేయి ఉంది. రెండూ కలిపి చూస్తే తప్పన్నదే లేదు. నది నిద్రలో ఒత్తిగిల్లినట్టుంది.

తాళంచెవులు గలగలలాడించుకుంటూ అత్తయ్య లోపలికొచ్చింది. తెర చూసింది. దొరికిపోయినట్టు మొహం పెట్టింది.

"ముందే చెప్పొచ్చు కదా అత్తయ్యా?"

"ఏమని చెప్పను? పక్కవాళ్ళ గీత వంకరనా? నాది వంకరనుకుంటే పోయేదేముంది."

కోడలు ఒక్క గడీ తీసేయలేదు. "పక్క గడితో కలిపి చూడండి" అని మాత్రం మిగతావాళ్ళకు రాసింది. వాళ్ళూ నీళ్ళ వెంట జరుపుకుంటూ చూశారు. తర్వాత ఒకరు, నీళ్ళు కలిస్తే చాలునన్నారు. అందరూ సరేనన్నారు.

ఆ మధ్యాహ్నం కోడలు కూడా ఒక గడి తీసుకుంది. ఎడమపక్క మనిషి నదిని రెండు పాయలుగా చీల్చి, ఒకటి పైకీ ఒకటి కిందికీ వదిలేశాడు.

"దీన్నేం చేయను?"

"మధ్యలో లంక వస్తుంది. పచ్చగడ్డి వెయ్యి. ఒక పడవ కట్టేసి ఉంచు, ఎవరైనా దిగాలనుకుంటారు."

కోడలు గీసింది. సాయంత్రానికి ఆ మనిషి దగ్గర్నుంచి జవాబొచ్చింది: "అక్కడ లంక ఉంటుందని నాకు ముందే తెలుసు. అందుకే పాయలు చీల్చాను."

అత్తయ్య దాన్ని రెండుసార్లు చదివింది.

"చూశావా అమ్మాయ్, ఎంత ముందుచూపో" అంది, ఎంతో గౌరవంగా.