ఊకనే నడిచిన ఆదివారం

మా షడ్డకుడు వియన్నా వెళ్లి వచ్చిన నాటి నుంచి నాకు పెరుగన్నం కూడా కారంగానే ఉంటోంది.

షడ్డకుడంటే మా మరదలి మొగుడు, నా తోడల్లుడు. భూపాలపల్లి బొగ్గు గనిలో యంత్రాల మీద ఉద్యోగం. కొత్తగా రాబోయే యంత్రం ఎలా నడపాలో నేర్చుకుని రమ్మని పైవాళ్లు అతన్ని విమానం ఎక్కించి వారం రోజులు పంపారు. నన్నెవరూ ఎక్కడికీ పంపరు. జనగామ బస్టాండు ఎదురుగా నాది జిరాక్స్ దుకాణం. నాకున్న ఒక్కగానొక్క యంత్రం ఎడమ పక్క అరచేత్తో ఒకటి చరిస్తే నడుస్తుంది. దానికి వియన్నా దాకా పోనక్కర్లేదు.

అతను విమానం ఎక్కినందుకు నాకేమీ కుళ్లు లేదు. అబద్ధం, ఉంది. కానీ అది గిద్దెడు కుళ్లు. బిందెడు కుళ్లు మా అత్తమ్మ దగ్గర మొదలైంది.

అత్తమ్మ మహబూబాబాదులో, మా అందరి నోళ్లలో అది మానుకోట, కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకుది కిరాణా కొట్టు. కొట్టు ముందు ఒక చెక్క బల్ల. ఆ బల్ల మీద ఇరవై రెండేళ్లుగా రాజ్యం నాది. కేసముద్రం మార్కెట్లో నేను చూసిన ఎద్దు, బల్ల మీదికి వచ్చేసరికి ఏనుగయ్యేది. జనగామ ఎండకు కాకులు గొడుగులు పట్టుకునేవి. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కండ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వేది. "సాలు బిడ్డా, సాలు, కడుపు నొస్తాంది" అనేది.

అన్నీ అనేది గానీ, ఒక్కటి మాత్రం అనలేదు. కండ్లు పెద్దవి చేసి, గవద మీద, అదే గడ్డం మీద, చెయ్యి పెట్టుకుని, "అవునా!" అని ఒక్కసారీ అనలేదు. నవ్వడమే తప్ప నమ్మడం లేదు. ఆ సంగతి నాకు ఇరవై రెండేళ్లు తెలియలేదు. షడ్డకుడు వచ్చి తెలియజేశాడు.

అతను అసలు మాటల మనిషి కాదు. పెండ్లయిన కొత్తలో, ఈయనకు మాటలు వచ్చునా అని మా ఆవిడను చాటుగా అడిగాను. అలాంటివాడు వియన్నా నుంచి వచ్చాక అందరం మానుకోటలో కలిసిన రోజు నా బల్ల మీద, నేను కూర్చునే చోట కూర్చుని, జేబులోంచి ఒక కాగితం తీసి మడతలు విప్పాడు. విప్పుతూనే ఉన్నాడు. అది ఎంత పెద్దదంటే దాంతో మానుకోట ఓవర్ బ్రిడ్జికి పందిరి వేయొచ్చు. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా కొట్లోని కిలో రాళ్లు పెట్టాడు.

"ఆదివారం సెలవిచ్చిండ్రు అత్తమ్మా. హోటలోళ్లు గీ కాగితం చేతుల పెట్టిండ్రు. గీ చుక్కల గీత పట్టుకొని నడుసుడే. నంబర్లున్నయ్ సూడు, పన్నెండు. దారి సూపెటోడు ఎవ్వడు లేడు, నా అంతల నేనే."

"ఒక్కనివే?"

"ఒక్కన్నే. ఒకటో నంబరు కాడ పెద్ద సౌరస్తా. రాజుల కోట ముందట. కంచు గుర్రాలు రెండున్నయ్."

"ఎంత పెద్దగున్నది బిడ్డా?"

"పెద్దగనే ఉన్నది."

"అవునా!" అంది అత్తమ్మ.

పెద్దగనే ఉన్నది! ఇదా వర్ణన? ఆ చౌరస్తాను నాకిచ్చి ఉంటే అందులో మూడు పంటలు పండించేవాణ్ణి. ఆ కంచు గుర్రాల కడుపులో రెండు లగ్గాలు జరిపించి భోజనాలు కూడా పెట్టించేవాణ్ణి. ఇతనేమో చేతిలో అంత సరుకు పెట్టుకుని, కరెంటు బిల్లు చదివినట్టు చదువుతున్నాడు. అయినా అత్తమ్మ చెయ్యి గవద మీదే ఉంది.

"నాలుగో నంబరు కాడ తోట. మొత్తం గులాబీలే. ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క బిళ్ల. సచ్చిపోయినోళ్ల యాదిల కొన్ని, పెండ్లిరోజుకని కొన్ని, పేర్లు రాసి కట్టిండ్రు."

"అవునా! చెట్టుకు మనిషి పేరా!"

"ఆరో నంబరు కాడ ఓ రాణి బొమ్మ. అటొక బంగ్లా, ఇటొక బంగ్లా. రెండూ ఒక్క తీర్గనే ఉన్నయ్."

"అవునా! కవలలా!"

"నాలుగు గంటలు నడిసిన. ఎటు పోతున్నవని ఒక్క మనిషి అడుగలే."

"అవునా!" ఈసారి అత్తమ్మ రెండు చేతులూ గవదకు పెట్టుకుంది. "ఒక్కలు గూడనా? అయ్యో బిడ్డా!"

పన్నెండు నంబర్లకు పదమూడు అవునాలు. ఆఖరుది ఐస్‌క్రీముకు. వేళ్లు చాలక కాలివేళ్ల మీద కూడా లెక్కపెట్టాను.

తిరుగు బస్సులో మా ఆవిడ నా వైపు చూసింది. "ఏందయ్యా, మొకం గట్ల పెట్టినవ్?"

"ఎండ."

"బస్సుల ఎండేంది?"

"నా దిక్కు కొట్టింది."

ఆ వారమంతా దుకాణంలో ఆధార్ కార్డులు తలకిందులుగా జిరాక్స్ తీశాను. శనివారానికి ఒక నిర్ణయానికి వచ్చాను. వియన్నాకు చౌరస్తాలుంటే మానుకోట తక్కువ తిన్నదా? ఒక పెద్ద కాగితం మీద పెన్సిలుతో మానుకోటను గీశాను. స్టేషన్ ముందరి జాగా ఒకటో నంబరు. బస్టాండు చౌరస్తా రెండు. మూడు రోడ్ల కూడలి మూడు. మార్కెట్ యార్డు గేటు నాలుగు. అయిదూ ఆరూ సందు మలుపులు, వాటికి నేనే గొప్ప పేర్లు పెట్టాను. ఏడో నంబరు మున్సిపాలిటీ పార్కు. మధ్యన చుక్కల గీత. యంత్రాన్ని ఒకటి చరిచి నీలం కాగితం మీద ఇరవై ప్రతులు తీశాను. నా ఆశ ఒక్కటే. ఏడు మజిలీల్లో కనీసం ఒక్క అవునా.

ఆదివారం పొద్దున మానుకోటలో కాగితం విప్పాను. అత్తమ్మ కొత్త చీర కట్టుకుంది. అక్కడికే వచ్చి ఉన్న షడ్డకుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూశాడు. "మంచిగ గీసినవన్నా. నేను గూడ వస్త."

వద్దనడానికి నాకు నోరు రాలేదు. ముగ్గురం బయల్దేరాం.

స్టేషన్ ముందు ఆగి చెయ్యి చాచాను. "అత్తమ్మా, సూడు. ఒకప్పుడు ఈడ మూడు వందల ఏనుగులు వరుసగ నిలబడి రైలుకు దండం పెట్టేటియి."

అత్తమ్మ కొంగు నోటికి పోయింది. "నేను గార్లకెళ్లి వచ్చి రైలు దిగేది ఈడనే గద బిడ్డా. ఒక్క ఏనుగన్న కనపడకపోవునా?" నవ్వింది. ఎప్పటి నవ్వే. ఇరవై రెండేళ్లు నా ప్రాణానికి తీపిగా ఉన్న ఆ నవ్వు ఆ రోజు చేదుగా తగిలింది.

షడ్డకుడు ఈలోగా ఆ జాగాను అడుగులతో కొలిచి వచ్చాడు. "ఎనభై ఆరు అడుగులున్నదన్నా."

"అవునా!" అంది అత్తమ్మ. నా స్టేషన్‌కు, నా ఒకటో నంబరుకు, అవునా అతనికి!

అప్పుడొచ్చాడు ఆటో అతను. "పెద్దమ్మా, ఎటు పోవాలె? ఎక్కుండ్రి."

"ఎటు లేదు, పనేం లేదు," అన్నాడు షడ్డకుడు, ఉన్నది ఉన్నట్టుగా. "ఊకనే నడుస్తున్నం."

ఆటో అతను మమ్మల్ని కింది నుంచి మీదికి చూశాడు. "ఊకనేనా? ఎవలకన్న పానం బాగలేదా?"

"లే, ఊకనే."

అతను నమ్మలేదు. ఆటో బంద్ చేసి, ఎటు పోతామో చూద్దామని అక్కడే కూర్చున్నాడు. రెండో నంబరు దగ్గర మిర్చీలు వేసే అక్క గరిటె ఎత్తి పిలిచింది. "ఏందక్కా, అల్లుండ్లిద్దరిని పట్టుకొని దవాఖానకా?"

"కాదే, ఊకనే నడుస్తున్నం," అంది అత్తమ్మ.

"నాకు గూడ చెప్పవా? గంత పెద్ద రోగమా?"

మూడో నంబరుకు చేరేసరికి నా చౌరస్తాలను చూసేవాడెవడూ లేడు, ఊరంతా మమ్మల్నే చూస్తోంది. ముగ్గురు పెద్ద మనుషులు పని లేకుండా, చేతిలో సంచి లేకుండా, చేతిలో కాగితం పట్టుకుని మానుకోటలో నడవడం జరగని పని. సంబంధం చూడబోతున్నామన్నారు. పంచాయితీ అన్నారు. షడ్డకుడు ఎక్కడికక్కడ నిలబడి, గుళ్లో ప్రమాణం చేసినట్టు, "ఊకనే" అని చెబుతున్నాడు. ఒక్కరు నమ్మితే ఒట్టు. జీవితంలో మొదటిసారి అతని మాట ఎవరూ నమ్మడం లేదు. నా కడుపులో మంట కొంచెం చల్లబడింది. దాపరికం ఎందుకు, చాలా చల్లబడింది.

ఆ ఊపులోనే తప్పు చేశాను. యార్డు గేటు దగ్గర మిర్చి బస్తా మీద కూర్చున్న పెద్దాయన "ఏం పని మీద పటేలా?" అని అడగ్గానే, "ప్లాటు చూస్తున్నం బాపూ, పార్కు పక్కన" అన్నాను.

పెద్దాయన ముఖం తేటపడింది. "గట్ల చెప్పరాదు మరి! మంచి జాగా."

ఇరవై రెండేళ్లలో నా మాటను ఇంత తొందరగా నమ్మిన మనిషి లేడు. అయిదో నంబరు రాకముందే తెల్లంగీ తొడుక్కున్న ప్లాట్ల బ్రోకర్ ఒకడు స్కూటీ మీద వచ్చి మా ముందు ఆగాడు. "అన్నా, పార్కు పక్కన గదా? నేను సూపిస్త, రండ్రి." దారి చూపేవాడు లేని నా యాత్రకు దారి చూపేవాడు దొరికాడు. అయిదూ ఆరూ నంబర్లకు నేను పెట్టిన గొప్ప పేర్లు నా నోట్లోనే ఉండిపోయాయి.

పార్కును నేను రాజోద్యానంగా చెప్పాలనుకున్నాను. ఒక చెవి విరిగిన సిమెంటు జింకను మహారాణి పెంచుకున్న జింకగా, నీళ్లు లేని ఫౌంటెన్‌ను గంధపు నీళ్లు చిమ్మిన ఫౌంటెన్‌గా. ఎవరూ లోపలికే రాలేదు. బ్రోకర్ పక్క జాగాలో సున్నం వేసిన హద్దురాళ్లు చూపిస్తున్నాడు. అత్తమ్మ ఒక రాయి మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"నిజంగనే కొంటున్నవా బిడ్డా? పొద్దుగాల నుంచి ఊకనే ఊకనే అనుకుంట, గిదా నీ మనసుల?" ఆమె కండ్లు పెద్దవయ్యాయి. చెయ్యి గవద మీదికి పోయింది. "నా బిడ్డ ఈడికి వస్తదా? అవునా!"

వచ్చింది. ఇరవై రెండేళ్ల అవునా వచ్చింది. ఎంత బాగుంటుందో నేను చెబితే మీరు నమ్మరు, చెప్పేది నేను కాబట్టి. అత్తమ్మ అప్పుడే వంటిల్లు ఏ మూలకు రావాలో చూస్తోంది. "జామచెట్టు గీడ పెడత. పొద్దుగూకంగ నడుసుకుంట వస్త. గింతే గద దూరం."

షడ్డకుడు నా వైపు చూశాడు. నోరు తెరిస్తే నిజం తప్ప రాని మనిషి, నా కోసం నోరు మూసుకుని నిలబడ్డాడు. అందుకూ నాకు అతని మీద కుళ్లే. ఆ పని కూడా నాకంటే బాగా చేస్తున్నాడు.

"లేదత్తమ్మా," అన్నాను. "ప్లాటు లేదు, ఏం లేదు. ఊకనే అన్న."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అరచేతికి అంటిన సున్నాన్ని కొంగుతో తుడుచుకుంది. "నాకెరుకే తియ్యి. దా, పోయి ఛాయ్ తాగుదాం." తిరిగి వచ్చేటప్పుడు నేను కాకుల గొడుగుల సంగతి మళ్లీ ఎత్తాను. ఊఁ కొట్టింది, అంతే.

రెండు నెలల తర్వాత వాన పడుతున్న ఒక పొద్దున, దుకాణంలో ఉండగా షడ్డకుడు ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ జాగా నేను తీసుకున్న. పార్కు పక్కన. నాకు మానుకోట సందులు యాదుండయ్ గద, నీ నీలం కాగితం పట్టుకొనే పోయిన. చుక్కల గీత మీదికెళ్లి నడిసిన, ఎవ్వల్నీ అడుగలే. ఏడో నంబరు కాడ కరెక్టుగ ఉన్నది."

నా గీత! నా జిరాక్స్! నా అబద్ధం! ప్లాటు అతనిది. జామచెట్టు అతనిది. ఇక సాయంత్రాలు అత్తమ్మ నడుచుకుంటూ పోయేది అతని గడపకు. యంత్రాన్ని చరిచాను. దాని తప్పేమీ లేదు, నడుస్తూనే ఉంది.

"ఎట్లున్నది తమ్మీ జాగా?"

"పెద్దగనే ఉన్నదన్నా."

"అవునా!" అన్నాను. నా చెయ్యి ఎప్పుడు పోయిందో తెలియదు, చూసుకుంటే గవద మీద ఉంది.