పొయ్యిల మెకానిక్కు

మొన్న మనవరాలు మారాం చేసి వంటింట్లో మైక్రోవేవ్ పెట్టించింది. చల్లారిన అన్నానికి ఇంత డబ్బా దండగని మొహం మీదే చెప్పాను. కానీ అది గిర్రున తిరుగుతుంటే నాకు గుర్తొచ్చింది ఖర్చు కాదు, మా పెద్దాడబిడ్డ.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. మేము ఉప్పల్లో, ఆవిడ చెంగిచెర్లలో. మా అబ్బాయికి నాచారంలో రేడియో పెట్టెలు చేసే కంపెనీలో ఉద్యోగం. మంచుకొండల మీద సైనికులు ఒక కొండ నుంచి ఇంకో కొండకు మాట్లాడుకునే పెట్టెలవి. తీగ లేకుండా మాటను మోసుకుపోయే ఆ తరంగాల పేరు కూడా మైక్రోవేవే. పెట్టెల్ని చలిగదిలో గడ్డకట్టించి, అప్పుడూ పలుకుతున్నాయో లేదో చూడటం వాడి పని. ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంటే వీడు సంచిలో స్వెట్టరు, మంకీ క్యాపు పెట్టుకుని బస్సెక్కేవాడు. ఆ స్వెట్టరు వాళ్ల నాన్నది విప్పి నేను అల్లిందే. కొత్త ఉన్ని కొనలేదు.

మూడో తరగతితో బడి మానేసిన నాకే అర్థమైంది, ఆడబిడ్డకు అర్థం కాలేదంటే నమ్మను. కీసరలో వాడికొక సంబంధం దాదాపు కుదిరాక, ఆవిడ పిల్ల తల్లితో "మా మేనల్లుడు ఇండ్లిండ్లు తిరిగి మైక్రోవేవులు బాగుజేస్తడమ్మా" అన్నది. సంబంధం తప్పిపోయింది. అది చాలక, చెడిపోయిన తన ఓవెన్‌ను ఆటోలో తెచ్చి మా గడపలో దించింది.

"జర సూడుమనే. మేనత్తను గదా, పైసలడుగుతడా!"

"నా కొడుకు పనేందో ఆ పిల్ల తల్లి ముంగట నీ నోటితోనే జెప్తవు వదినె. గప్పటిదాంక నీ గడప తొక్క" అన్నాను. తొక్కలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే పక్క వరసలోకి పోయి కూర్చునేదాన్ని. పగకు పైసా ఖర్చు లేదు కదా, ఎన్నేళ్లయినా దాచుకోవచ్చు.

తర్వాత ఆవిడ కొడుకు మిలిట్రీలో చేరి మంచుకొండ మీదికి వెళ్లాడు. ఒక చలికాలం వాడి ఫోన్లు ఆగిపోయాయి. ఆవిడ నేరుగా మా ఇంటికే వచ్చింది.

"మరదలా, ఆడ గూడ మీవాడు జేసే అసొంటి పెట్టెలేనట గదనే. ఎందుకు పలుకుతలేవో జర అడుగే."

"వాడు పొయ్యిల మెకానిక్కు గద వదినె, వానికేమెరుక?"

ఏడ్చింది. కూర్చోవడానికి చాప కూడా వేయలేదు నేను.

మా అబ్బాయే లోపలి నుంచి వచ్చి కుర్చీ వేశాడు. "అత్తా, పల్లెం లెక్కుండే యాంటెనా మీద మంచు పేరుకుంటది. గాలికి అది ఇంత జరిగినా మాట అవతలి కొండకు పోదు. మంచు తీసి సరిజేస్తరు. ఫికర్ జెయ్యకు."

"అత్తకు ఫికర్ లేదిగ. నడువు వదినె, కీసర పోదాం" అన్నాను. వాడు వద్దంటున్నా వినలేదు.

ఆ పిల్ల తల్లి వాకిట్లో నిలబడి ఆడబిడ్డ చెప్పింది. "నేను అబద్ధమాడిన. పొయ్యిలు గాదమ్మా. మంచుల ఉన్న పిల్లల మాటలు ఇండ్లకు దెచ్చే పెట్టెలు."

"ఇప్పుడు జెప్తే ఏం ఫాయిదా? మా పిల్లకు కొడుకు గూడ పుట్టిండు" అన్నదా తల్లి. అయినా చాయ్ ఇచ్చింది. ఆడబిడ్డ ముట్టలేదు, ఆవిడది కూడా నేనే తాగాను. తిరుగు బస్సులో నాకొక్కదానికే టిక్కెట్టు తీసుకున్నాను.

ఆ వారంలోనే ఆవిడ కొడుకు ఫోను వచ్చిందట. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడావిడకు మతి నిలవడం లేదు. చూడ్డానికి వెళ్తే నన్నెవరో మంచి మనిషనుకుని చెయ్యి పట్టుకుని వదల్లేదు. తను అన్న మాటా, నేను అనిపించిన మాటా రెండూ ఆవిడ మరిచిపోయింది. నాకు మాత్రం అక్షరం పోలేదు. కాలం మా ఇద్దరిలో ఎవరి మీద కక్ష తీర్చుకుందో నాకింకా తేలలేదు.