గంట మోగితే ఉప్పెనే

సముద్రం కదలకుండానే ఒక ఉప్పు కొఠారును ముంచిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అరవైల మొదట్లో కృష్ణపట్నం దగ్గర, ఉప్పు పండించే ఆ కొఠారులో కరెంటు పనికి చేరాను. పోటు నీరు గట్టు దాటితే మడుల్లో కూలివాళ్ళు కొట్టుకుపోతారు. అందుకని మూడు తూముల దగ్గర తేలే డబ్బాలు పెట్టి, ఆఫీసులో బ్యాటరీ గంట దాకా తొడుగు లేని జంట తీగలు లాగాం. నీరు మితిమీరితే డబ్బా లేచి రెండు తీగల్నీ కలుపుతుంది, గంట మోగుతుంది. ప్లాను నాదే. తీగలు మొయ్యడానికి పొట్టి సరుగుడు గుంజలు చాలన్నాను.

"మరీ కిందికి లేవూ?" అన్నారు మేనేజరు గారు.

"రిపేరుకు నిచ్చెన అక్కర్లేదు సార్. చేతికందుతాయి!"

రేడియోలో వాయుగుండం అన్న మర్నాడు, ఎండ మాడుస్తుండగా గంట మోగింది. ఆగదే!

"ఏ తూమయ్యా?"

"తెలీదు సార్. తీగ కలిసొస్తుందని మూడిటికీ ఒకటే గంట పెట్టినా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పో, ముందు మనుషుల్ని బయటికి తోలు!"

"ఉప్పెనా!" అని నేను పెట్టిన కేకకు ఆడవాళ్ళు తట్టలు పారేసి పరుగెత్తారు. మేస్త్రి మస్తాన్ ఒక ముసలమ్మను భుజానికెత్తుకున్నాడు. నేనా? అందరికంటే ముందు ఉప్పు కుప్ప ఎక్కి, కళ్ళు మూసుకుని, పేరు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను.

"అన్నా, సముద్రం యాడుండాదన్నా?" కింద నుంచి మస్తాన్.

కళ్ళు తెరిచాను. సముద్రం ఉన్నచోటే ఉంది. నా జంట తీగల పొడవునా వెండి బెల్టుల్లా సావళ్ళనే పొడుగు చేపలు వేలాడుతున్నాయి. పక్కనున్న జాలర్ల పల్లె పట్టపుపాళెం నుంచి వచ్చిన పోలమ్మ ఉప్పునీళ్ళు కారే చేపల్ని రెండు తీగల మీదా అడ్డంగా ఆరేస్తోంది. డబ్బా చెయ్యాల్సిన పని చేపలు చేశాయన్నమాట!

"అమ్మా, ఇక్కడెందుకు ఆరేసినావు?"

"చేతికందేటట్టు తీగలు కట్టి, మళ్ళా అడగతా ఉండావా? ఆ కొసన ఇంకో రెండు గుంజలు పాతు నాయనా, మా ఆడబిడ్డ చేపలకి చోటు చాల్లేదు."

అందరూ పగలబడి నవ్వారు, మేనేజరు గారు తప్ప.

"మస్తాన్ ముసలమ్మను మోసినాడు. నువ్వేం మోసినావయ్యా?"

అందుకే గుప్పెడు ఉప్పు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఏ ఊళ్ళో గుంజ పాతాలన్నా "దీనిమీద ఏం ఆరేస్తారమ్మా?" అని ముందు ఆడవాళ్ళనడుగుతాను. ఉప్పెనే వస్తే, ముసలమ్మలందరూ ఎక్కాకే కుప్ప ఎక్కుతాను.